మంచి ఆడిటుకు మన వంతు

'ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడు' అని మన పెద్దలు ఊరకే అనలేదు. అయితే ఈశ్వరుడికే సాధ్యం కాదన్న పనిని మనం ఏడాదికి ఒకసారి ఊరికి వచ్చి పోయే ఆడిటరుగారి మీద పెట్టి నిశ్చింతగా ఉంటున్నాం. 'ఆడిటు అయిపోయింది, ఇక భయం లేదు' అనుకుంటాం. తర్వాత ఎప్పుడైనా సంఘం నిధుల్లో తేడా బయటపడితే 'మరి ఆడిటరు ఏం చూశాడు?' అని అడుగుతాం. అది అడగవలసిన ప్రశ్నే. కాని దానికంటే ముందు మనల్ని మనం అడుగుకోవలసిన ప్రశ్న ఒకటి ఉంది. ఆడిటరు చూడవలసినవి చూడటానికి, చెప్పవలసినవి చెప్పటానికి సభ్యులుగా మనం ఏం చేశాం?

బయటి ఆడిటు ఎంత బాగా జరుగుతుందనేది ఆడిటరు తెలివితేటల మీదనే ఆధారపడి లేదు. ఆ ఆడిటు మీద సభ్యుల తరఫున కన్ను వేసి ఉంచేవారు ఎవరైనా ఉన్నారా లేదా అన్నదాని మీద కూడా ఆధారపడి ఉంది. పెద్ద సంస్థలలో ఈ పని చేసేవారిని ఆడిటు కమిటీ అంటారు. ఆ ఏర్పాటు మన పాల సంఘాలకు ఎలా ఉపయోగపడుతుందో ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఆడిటు రోజు ఎలా గడుస్తుంది?

మన నెల్లూరు కోస్తాలో ఏదో ఒక పల్లె, అందులో ఒక పాల సంఘం ఉందనుకోండి. ఆడిటరు వచ్చే తేదీ పది రోజుల ముందే కార్యదర్శికి తెలుస్తుంది. ఆయనే పుస్తకాలు సర్ది పెడతారు. ఆడిటరుగారికి కాఫీ, భోజనం ఆయన ఇంట్లోనే. ఆడిటరు చూసే నగదు పుస్తకం, పాల కొనుగోలు రిజిస్టరు, ఓచర్లు, దాణా స్టాకు పుస్తకం అన్నీ రాసింది ఆయనే. ఏదైనా సందేహం వస్తే సమాధానం చెప్పేది ఆయనే. చివరకు నివేదిక వచ్చేదీ ఆయన చేతికే. ఈ రెండు రోజుల్లో ఆడిటరుకు పాలు పోసే సభ్యుడు ఒక్కడైనా ఎదురుపడడు.

ఇందులో కార్యదర్శి చెడ్డవాడని ఎవరూ అనడం లేదు. మన సంఘాల్లో చాలామంది కార్యదర్శులు తెల్లవారుజామున లేచి, కొద్దిపాటి జీతానికి నమ్మకంగా పనిచేస్తున్నవారే. లోపం మనిషిలో లేదు, ఏర్పాటులో ఉంది. ఎవరి పనిని పరీక్షించాలో ఆయన ద్వారానే పరీక్ష మొత్తం జరుగుతోంది. నిజాయితీగల కార్యదర్శికి కూడా ఇది మంచిది కాదు. రేపు ఎవరైనా నింద వేస్తే, తన తరఫున సాక్ష్యం చెప్పేవారు ఆయనకు ఉండరు.

ఆడిటు నాణ్యతకు రెండు కొలతలు

పాల నాణ్యతకు వెన్న శాతం, వెన్నేతర ఘనపదార్థాల శాతం అని రెండు కొలతలు ఉన్నట్టే ఆడిటు నాణ్యతకు కూడా రెండు కొలతలు ఉన్నాయి. అమెరికాకు చెందిన గణకశాస్త్ర పండితురాలు లిండా డి ఆంజెలో 1981లో ఈ సంగతిని స్పష్టంగా చెప్పారు. లెక్కల్లో తప్పు ఉంటే దాన్ని ఆడిటరు కనిపెట్టగలగాలి. కనిపెట్టినదాన్ని దాచకుండా బయటకు చెప్పగలగాలి. ఈ రెండూ కలిస్తేనే అది మంచి ఆడిటు.

కనిపెట్టాలంటే ఆడిటరుకు నైపుణ్యంతోపాటు తగిన సమయం ఉండాలి. పూర్తి రికార్డులు అందాలి. ఊరి సంగతులు చెప్పేవారు ఉండాలి. చెప్పాలంటే ధైర్యం కావాలి. ఎవరి తప్పు రాయాలో వారే తన ఫీజు నిర్ణయించేవారైతే, వచ్చే ఏడాది తనను పిలవాలో వద్దో తేల్చేవారైతే ఎంతటివారికైనా కలం ఆగుతుంది. ఈ రెండు చోట్లా ఆడిటరుకు అండగా నిలబడటమే ఆడిటు కమిటీ పని.

పాల నమూనా నేర్పే నీతి

ఈ విషయం పాడి రైతుకు విడమరచి చెప్పనక్కరలేదు. పాలు తెచ్చిన మనిషే, తన ఇంటి దగ్గరే ఒక సీసాలో నమూనా తీసి తెచ్చి, 'ఇదిగో, దీనికి వెన్న పరీక్ష చేసి క్యానుకంతా లెక్క కట్టండి' అంటే టెస్టరు ఒప్పుకుంటాడా? ఒప్పుకోడు. క్యానులో పాలు బాగా కలిపి, తన చేత్తో తానే నమూనా తీస్తాడు. యంత్రం ఎంత ఖరీదైనదైనా నమూనా సరైనది కాకపోతే వచ్చే అంకె సరైనది కాదు.

ఆడిటు కూడా అంతే. ఆడిటరు ఎంత చదువుకున్నవాడైనా, ఆయన చేతికి వచ్చే కాగితం ఎవరి చేతుల మీదుగా వచ్చిందన్నదే ముఖ్యం.

హైదరాబాదులో జరిగిన సంగతి

ఈ నీతిని మరిచిపోతే ఏమవుతుందో మన తెలుగునాటనే చూశాం. 2009 జనవరి 7న హైదరాబాదులోని సత్యం కంప్యూటర్స్ కంపెనీ అధ్యక్షుడు బి. రామలింగరాజు తన డైరెక్టర్లకు ఒక లేఖ రాశారు. 2008 సెప్టెంబరు 30 నాటి లెక్కల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్ల రూపాయలు కాగా, అందులో 5,040 కోట్లు అసలు లేనే లేవని అందులో ఒప్పుకున్నారు. ఆ ఒక్కరోజే కంపెనీ వాటా ధర 77 శాతానికి పైగా పడిపోయింది. పొదుపు సొమ్మును ఆ వాటాల్లో పెట్టిన సామాన్యులెందరో నష్టపోయారు.

ఆ కంపెనీ లెక్కలకు ఏటా ఆడిటు జరిగింది. ఆడిటు చేసినది ప్రైస్ వాటర్‌హౌస్ అనే ప్రపంచ ప్రసిద్ధి పొందిన పేరుతో నడిచే సంస్థ. మరి ఇంత పెద్ద తేడా ఎలా దాగింది? సత్యం వాటాలు అమెరికా మార్కెట్లో కూడా అమ్ముడయ్యేవి కాబట్టి అక్కడి వాటాల మార్కెట్ నియంత్రణ సంస్థ కూడా విచారణ జరిపి 2011 ఏప్రిల్‌లో తన నిర్ణయం ప్రకటించింది. బ్యాంకులో ఎంత నిల్వ ఉందో ధ్రువపరచమని కోరే ఉత్తరాలను ఆడిటర్లు తామే నేరుగా బ్యాంకులకు పంపి, జవాబులు తామే నేరుగా తెప్పించుకోవాలి. అలా చేయకుండా ఉత్తరాలు పంపే పని, జవాబులు అందుకునే పని రెండూ కంపెనీ యాజమాన్యానికే వదిలేశారని ఆ విచారణలో తేలింది. పాలు తెచ్చినవాడి చేతే నమూనా తీయించినట్టయింది.

2015 ఏప్రిల్ 9న హైదరాబాదులోని ప్రత్యేక కోర్టు రామలింగరాజుతో సహా పదిమందిని దోషులుగా నిర్ణయించి ఏడేళ్ల జైలుశిక్ష విధించింది. ఆ పదిమందిలో ఇద్దరు ఆడిటర్లు ఉన్నారు. అప్పీలు మీద ఆ సంవత్సరం మే నెలలో సెషన్స్ కోర్టు శిక్ష అమలును నిలిపివేసింది.

ఇక్కడ మనం మరొక సంగతి గమనించాలి. ఆ కంపెనీలో ఆడిటు కమిటీ కూడా ఉంది. కంపెనీలో ఉద్యోగం చేయని, పేరున్న విద్యావంతులు అందులో సభ్యులు. అయినా మోసం ఆగలేదు. కమిటీ ఉన్నంత మాత్రాన ఆడిటు బాగుపడదు. 'బ్యాంకు నుంచి ఆ కాగితం మీకు నేరుగా వచ్చిందా?' అని ఆడిటరును అడిగే కమిటీ ఉంటేనే బాగుపడుతుంది. ఆ ప్రశ్న అడగటానికి పెద్ద చదువు అవసరం లేదు. పాల నమూనా సంగతి తెలిసిన ఎవరైనా అడగవచ్చు.

చట్టాలు ఏం చెబుతున్నాయి?

మన దేశంలో సహకార సంఘాలకు ఆడిటు కొత్తది కాదు. నెల్లూరు మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లోనే, 1904 నాటి సహకార పరపతి సంఘాల చట్టం, ప్రతి సంఘం లెక్కలకు ఏడాదికి ఒకసారైనా రిజిస్ట్రారు ఆడిటు జరిపించాలని చెప్పింది. 1964 నాటి ఆంధ్రప్రదేశ్ సహకార సంఘాల చట్టం కూడా ఆ బాధ్యతను రిజిస్ట్రారు మీదనే ఉంచింది. 1995లో వచ్చిన పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం దారి మార్చింది. ఆ చట్టం కింద నమోదైన సంఘాలలో ఆడిటరును నియమించే అధికారం సర్వసభ్య సమావేశానిదే. మీ సంఘం ఏ చట్టం కింద నమోదై ఉందో ముందు తెలుసుకోండి. రిజిస్ట్రేషను పత్రం మీద రాసి ఉంటుంది.

అధికారం సభ్యులదే అయినా ఆచరణ వేరుగా ఉంటుంది. సర్వసభ్య సమావేశంలో చివరి అంశంగా ఎవరో ఒక పేరు చదువుతారు. అప్పటికే సగంమంది లేచి పోతుంటారు. మిగిలినవారు చెయ్యెత్తుతారు. చట్టం మన చేతికి ఇచ్చిన తాళంచెవిని మనమే తిరిగి ఇచ్చేస్తున్నాం.

కంపెనీల విషయానికి వస్తే, 2000లో చేసిన సవరణతో పెద్ద పబ్లిక్ కంపెనీలకు ఆడిటు కమిటీ తప్పనిసరి అయింది. సత్యం వ్యవహారం తర్వాత వచ్చిన 2013 కంపెనీల చట్టం ఈ కమిటీ బాధ్యతలను ఇంకా పెంచింది. ఆడిటరును, ఆయన ఫీజును సిఫారసు చేయటం, ఆడిటరు స్వతంత్రంగా పనిచేస్తున్నాడా, ఆడిటు సక్రమంగా జరుగుతున్నదా అని గమనించటం ఈ కమిటీ పనులు. కమిటీ సభ్యులలో అధ్యక్షుడు సహా ఎక్కువమంది లెక్కల పత్రాలను చదివి అర్థం చేసుకోగలవారై ఉండాలని కూడా ఆ చట్టం చెబుతోంది. ఈ నియమాలు గ్రామ పాల సంఘానికి వర్తించేవి కావు. కాని ఇందులో మంచిని మన సర్వసభ్య సమావేశం ఒక తీర్మానంతో స్వీకరించవచ్చు.

కమిటీలో ఎవరుండాలి?

ముగ్గురు చాలు. వారు క్రమం తప్పకుండా పాలు పోసే సభ్యులై ఉండాలి. సంఘం అధ్యక్షునికి గాని, కార్యదర్శికి గాని, టెస్టరుకు గాని దగ్గరి బంధువులు కాకూడదు. సంఘానికి బాకీ పడి ఉండకూడదు. సంఘంతో దాణా రవాణా వంటి వ్యాపారం ఏదీ ఉండకూడదు. ముగ్గురిలో కనీసం ఒకరు మహిళ అయితే మంచిది. పల్లెల్లో గేదెలను మేపేది, పాలు పితికేది, కేంద్రానికి తెచ్చేది చాలావరకు ఆడవారే. ఏ పూట ఎన్ని పాలు పోశామో వారికి నోటికి గుర్తుంటుంది. కూడికలు, తీసివేతలు తెలిసిన యువకుడో, రిటైరైన ఉపాధ్యాయుడో సభ్యులలో ఉంటే వారిని కూడా చేర్చుకోండి.

కమిటీ ఏం చేయాలి?

ఆడిటుకు ముందు:

1. ఆడిటరు పేరును, ఫీజును కమిటీ పరిశీలించి సర్వసభ్య సమావేశానికి సూచించాలి. ఫీజు తక్కువ అన్న ఒక్క కారణంతో ఆడిటరును ఎంచుకోకూడదు. అమెరికాలో 2003లో వెలువడిన ఒక పరిశోధనలో, స్వతంత్రంగా ఉండి లెక్కలు తెలిసినవారు ఉన్న ఆడిటు కమిటీలు గల కంపెనీలు ఆడిటుకు ఎక్కువ ఫీజు ఇస్తున్నట్టు తేలింది. అటువంటి కమిటీలు ఇంకా లోతుగా చూడమని కోరటమే ఇందుకు కారణమని ఆ పరిశోధకుల అభిప్రాయం. సగం రోజు ఫీజు ఇచ్చి రెండు రోజుల పని ఆశించటం న్యాయం కాదు.

2. ఏడాది పొడుగునా సభ్యులు చెప్పిన సందేహాలను ఒక పుస్తకంలో తేదీలతో రాసి ఉంచాలి. ఆడిటరు రాగానే ఆ పుస్తకాన్ని ఆయన చేతికివ్వాలి.

ఆడిటు జరిగేటప్పుడు:

3. ఆడిటరు వచ్చిన వెంటనే, పుస్తకాలు తెరవకముందే చేతిలోని నగదు, గదిలోని దాణా బస్తాలు లెక్కపెట్టించాలి.

4. బ్యాంకు నిల్వ పత్రాన్ని బ్యాంకు నుంచి, పాల బిల్లుల లెక్కను యూనియన్ నుంచి ఆడిటరు నేరుగా తెప్పించుకునేలా చూడాలి.

5. ఆడిటరు తన ఇష్టప్రకారం పదిమంది సభ్యులను రిజిస్టరులో ఎంచి, వారి పాసుపుస్తకాలను సంఘం లెక్కలతో సరిచూడాలి. ఆ పదిమంది ఎవరో కార్యదర్శి చెప్పకూడదు, కమిటీ కూడా చెప్పకూడదు.

6. కార్యదర్శి, అధ్యక్షుడు లేకుండా ఆడిటరుతో ఒక గంట కూర్చుని మాట్లాడాలి. 'మీరు అడిగినవన్నీ ఇచ్చారా? చూడనివ్వనిది ఏమైనా ఉందా?' అన్న రెండు ప్రశ్నలు తప్పక వేయాలి.

ఆడిటు తర్వాత:

7. నివేదిక ప్రతి ఒకటి కమిటీకి నేరుగా అందాలి. అందులోని అభ్యంతరాలను సర్వసభ్య సమావేశంలో అందరికీ అర్థమయ్యే తెలుగులో చదివి వినిపించాలి. ఒక్కొక్క లోపాన్ని ఎవరు, ఏ తేదీలోగా సరిదిద్దుతారో రాయించాలి. పోయిన ఏడాది రాసిన అభ్యంతరమే ఈ ఏడాది కూడా కనిపిస్తే, తప్పు ఆడిటరుది కాదు, మనది.

పుస్తకాలన్నీ సరిగా ఉండీ సొమ్ము పోయే తీరు

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక సంఘం రోజుకు 400 లీటర్ల గేదె పాలు సేకరిస్తుందనుకుందాం. లీటరుకు 1.03 కిలోల చొప్పున అది 412 కిలోలు. సభ్యులకు సగటున 6.4 శాతం వెన్నకు డబ్బు చెల్లిస్తోంది. అవే పాలకు యూనియన్ పరీక్షలో 6.2 శాతం వస్తోంది. తేడా 0.2 శాతం మాత్రమే. చూడటానికి చిన్నదే. కాని 412 కిలోల మీద అది రోజుకు 0.824 కిలోల వెన్న. కిలో వెన్నకు 800 రూపాయలు అనుకుంటే రోజుకు 659 రూపాయలు, ఏడాదికి సుమారు 2 లక్షల 40 వేలు. పండుగకు సభ్యులందరికీ రావలసిన బోనసు ఇలా కరిగిపోతుంది.

ఈ నష్టం నగదు పుస్తకంలో కనిపించదు. ప్రతి చెల్లింపుకూ సంతకం ఉంటుంది, ప్రతి ఓచరూ సరిపోతుంది. కొందరికి లేని వెన్న రాసి ఉండవచ్చు. పాలు బండి ఎక్కేలోపు నీళ్లు చేరి ఉండవచ్చు. నమూనా సరిగా తీయకపోయి ఉండవచ్చు, యంత్రం సరిచూసి చాలాకాలమై ఉండవచ్చు. కారణం ఏదైనా, నెలనెలా కొనుగోలు రిజిస్టరును, యూనియన్ బిల్లును పక్కపక్కన పెట్టి చూసే కమిటీ ఉంటే రెండో నెలలోనే తెలిసిపోతుంది. 'ఈ ఆరు నెలల తేడా చూడండి' అని ఆ కాగితం ఆడిటరు ముందు పెడితే ఆయన ఎక్కడ తవ్వాలో ఆయనకు తెలుస్తుంది.

ఇప్పుడు చాలా కేంద్రాల్లో పాల పరీక్షకు యంత్రాలు, కంప్యూటర్లు వచ్చాయి. డబ్బు బ్యాంకు ఖాతాలో పడుతోంది. మంచిదే. కాని పాలు పోయని పేరు మీద పాలు ఎక్కించినా కంప్యూటరు కాదనదు. ఆ పేరుగల మనిషికి గేదె ఉందో లేదో ఊరివారికే తెలుసు.

వరద రోజుల లెక్క

మన కోస్తాకు ప్రత్యేకమైన విషయం ఒకటి ఉంది. కార్తీక మాసంలో వాయుగుండాలు వస్తే బండి రాదు, కరెంటు ఉండదు, పాలు విరిగిపోతాయి. 2021 నవంబరులో పెన్నకు వరద వచ్చినప్పుడు కోవూరు వద్ద జాతీయ రహదారి తెగింది, పడుగుపాడు వద్ద రైలు కట్ట కొట్టుకుపోయింది. అటువంటి రోజుల్లో 'పాలు విరిగినవి, పారబోసినవి' అని రిజిస్టరులో రాయవలసి వస్తుంది. ఆరు నెలల తర్వాత వచ్చిన ఆడిటరుకు ఆ రాత నిజమో కాదో తెలిసే దారి లేదు. ఆ రోజే కమిటీ సభ్యులు ఇద్దరు వచ్చి, ఎన్ని లీటర్లు పారబోశారో చూసి సంతకం చేస్తే ఆ రాత సాక్ష్యం అవుతుంది. నిజంగా నష్టం జరిగిన కార్యదర్శికి అది రక్షణ. జరగని నష్టం రాయాలనుకునేవారికి అది అడ్డు.

కేంద్రం దగ్గర విడిగా అమ్మే పాలు, పరీక్షకు తీసిన నమూనా పాల అమ్మకం, అరువు మీద ఇచ్చిన దాణా కూడా ఇటువంటివే. రోజుకు కొద్దిగా కనిపించి ఏడాదికి పెద్దవయ్యే పద్దులు ఇవి.

కొన్ని జాగ్రత్తలు

కమిటీ ఆడిటరు పనిని తాను చేయబోకూడదు. నివేదికలో ఏం రాయాలో చెప్పకూడదు. ఊరి పార్టీల తగాదాకు కమిటీని ఆయుధంగా వాడితే ఆడిటరు రెండు వర్గాల మధ్య నలిగి, ఎవరికీ నొప్పి తగలని నివేదిక రాసి పోతాడు. అందుకే కమిటీ అడిగే ప్రతి ప్రశ్నా రాతలో ఉండాలి. జవాబు కూడా రాతలోనే తీసుకోవాలి. రుజువు కాని అనుమానాన్ని పాల కేంద్రం దగ్గర ప్రచారం చేయకూడదు. కమిటీ సభ్యులను మూడేళ్లకు ఒకసారైనా మార్చాలి. కన్ను అలవాటుపడితే చూపు తగ్గుతుంది.

మీ సంఘంలో అడిగి చూడండి

1. మన ఆడిటరు పేరేమిటి? ఎన్నేళ్లుగా ఆయనే చేస్తున్నారు?
2. పోయిన ఏడాది నివేదికలో ఎన్ని అభ్యంతరాలు ఉన్నాయి? ఎన్ని సరిదిద్దారు?
3. బ్యాంకు నిల్వ పత్రం ఆడిటరుకు ఎవరి ద్వారా అందింది?
4. మన కొనుగోలు వెన్న శాతానికి, యూనియన్ వెన్న శాతానికి తేడా ఎంత?
5. ఆడిటరు మన ఊళ్లో పాలు పోసే సభ్యుడు ఎవరితోనైనా మాట్లాడారా?

వీటికి జవాబులు వెంటనే దొరికితే మీ సంఘం మంచి దారిలో ఉన్నట్టే. దొరకకపోతే కోపగించుకోవద్దు, ఎవరినీ నిందించవద్దు. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఆడిటరు నియామకాన్ని చివరి అంశంగా కాక మొదటి అంశంగా పెట్టించండి. ముగ్గురు సభ్యుల కమిటీకి తీర్మానం చేయించండి. ఇంటిదొంగను బయటివాడు ఒంటరిగా పట్టలేడు. ఇంటివారు దీపం పట్టుకుని పక్కన నిలబడితే, ఆ ఇంట్లో దొంగతనానికి చోటే ఉండదు.